గడ్డ పోయింది, మనిషి లేవలేదు

మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనిలో గడ్డ అడ్డుపడి పక్షవాతం వచ్చినప్పుడు, తొడ మొదట్లోంచి సన్నటి గొట్టం పైదాకా పంపి ఆ గడ్డను బయటికి లాగేస్తున్నారు. గత పదేళ్లలో వైద్యంలో వచ్చిన పెద్ద మార్పుల్లో ఇదొకటి. గొట్టం చివరనుండే వల లాంటి స్టెంటులో చిక్కుకుని వచ్చిన గడ్డను గాజుగుడ్డ మీద పెట్టి చూస్తే ముదురు ఎరుపులో ఉంటుంది, చాలాసార్లు వడ్లగింజ కంటే కాస్త పెద్దది, అంతే. అప్పటిదాకా తెర మీద మొండిగా ఆగిపోయిన నల్లగీత ఒక్కసారిగా చెట్టుకొమ్మల్లా విచ్చుకుంటుంది. తలుపు బయట కూర్చున్న ఇంటివాళ్లకు 'సక్సెస్' అన్న మాట అందుతుంది. మూడు నెలలు గడిచాక చూస్తే, ఆ మాట విన్న ఇళ్లలో దాదాపు సగం ఇళ్లలో మనిషి ఇంకా తన పని తాను చేసుకోలేకపోతుంటాడు, లేదా అసలు మిగిలి ఉండడు. దీనికి కారణమేమిటని అడిగితే ఆస్పత్రిలోనే రెండు జవాబులు వినిపిస్తాయి. ఒకటి గడ్డ తీసే క్యాథ్‌ల్యాబ్ నుంచి, ఇంకొకటి ఆ తర్వాత రోగిని చూసుకునే వార్డు నుంచి. ఆ రెండు వాదాలనూ ఇద్దరు డాక్టర్ల నోట పెట్టి ఇక్కడ ఎదురెదురుగా కూర్చోబెడుతున్నాను. మనుషులు కల్పితం, లెక్కలు కావు. నా మొగ్గు వార్డు వైపే, అది దాచను. అయితే క్యాథ్‌ల్యాబ్ వాదాన్ని ఎదుర్కోకుండా వార్డు వాదం నిలబడదు కాబట్టి ముందు ఆయన్నే మాట్లాడనిద్దాం.

క్యాథ్‌ల్యాబ్ డాక్టరు: చూడండమ్మా, నాళం తెరుచుకున్నా మనిషి కోలుకోకపోతే దాన్ని వైద్య పత్రికల్లో 'ఫ్యూటైల్ రీకెనలైజేషన్' అంటున్నారు. అంటే వృథాగా తెరిచామని. ఆ మాటే నాకు మింగుడుపడదు. నెదర్లాండ్స్ నుంచి మిస్టర్ క్లీన్ ట్రయల్ 2015 మొదట్లో అచ్చయింది. అదే ఏడాది మరో నాలుగు వచ్చాయి. ఐదింటినీ కలిపి 1287 మంది రోగుల లెక్క తీసి 2016లో లాన్సెట్‌లో వేశారు. మందులతో సరిపెట్టినవారిలో 90 రోజుల నాటికి ఒకరి మీద ఆధారపడకుండా బతకగలిగినవాళ్లు 26.5%. గడ్డ తీసే చికిత్స చేసినవారిలో 46%. ప్రతి 2.6 మందికి ఒకరి చొప్పున వైకల్యం కనీసం ఒక మెట్టు తగ్గింది. ఇంత ఫలం ఇచ్చే చికిత్సలు వైద్యం మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా 54% సంగతేమిటని మీరు అడుగుతారు. దానికి జవాబు పాతదే, ఆలస్యం. పెద్ద ధమని మూసుకుంటే సగటున నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు పోతాయని 2006లో లెక్కగట్టారు. గంటకు 11 కోట్ల పైచిలుకు. మనిషి పడిపోతే కాసేపు పడుకోబెట్టి చూస్తారు, తగ్గకపోతే దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్తారు, అక్కడ స్కాన్ ఉండదు, స్కాన్ ఉన్న ఊళ్లో క్యాథ్‌ల్యాబ్ ఉండదు. నా బల్ల మీదికి వచ్చేసరికి ఎన్ని గంటలవుతుందో మీకు తెలుసు. నేను తెరవగలిగింది నాళాన్నే. ఎండిపోయిన పైరుకు నీళ్లు పెట్టి, ఎందుకు పచ్చబడలేదని కాలువను తిడితే ఎలా?

వార్డు డాక్టరు: ఆలస్యం పెద్ద కారణమేనన్న దాంట్లో నాకు పేచీ లేదు సార్. అవే ఐదు ట్రయల్స్‌లో ఇంకో లెక్క కూడా తేలింది. రోగి ఆస్పత్రి గుమ్మం తొక్కినప్పటి నుంచి నాళం తెరుచుకునేదాకా పట్టే టైములో ప్రతి 15 నిమిషాలు ఆదా అయితే, వెయ్యి మందిలో 39 మందికి వైకల్యం ఎంతో కొంత తక్కువగా ఉంటుంది. నా పేచీ 'సక్సెస్' అన్న మాటతో. మీరు వాడే టీఐసీఐ గ్రేడులో 2బి అందుకుంటే సక్సెస్ అని రాస్తారు. 2బి అంటే ఆ ధమని కింద ఉన్న ప్రాంతంలో కనీసం సగానికి రక్తం అందిందని. అంటే దాదాపు సగానికి అందకపోయినా అది సక్సెస్ కిందికే వస్తుంది. 2016 నాటి ఆ లెక్కలో 71% మందికి ఈ గ్రేడు వచ్చింది, స్వతంత్రంగా మిగిలింది 46%. అప్పటి నుంచి పరికరాలు చాలా మెరుగుపడ్డాయి, నాళాలు తెరుచుకునే శాతం ఇంకా పైకి పోయింది, కోలుకునేవారి శాతం మాత్రం దాంతో సమానంగా పెరగలేదు. ఇక మీ ఎండిన పైరు సంగతి. అదే మొత్తం కథ అయితే, చికిత్స చేసిన మేలంతా చచ్చిన భాగం ఎంత తగ్గిందన్న దాంట్లోనే కనబడాలి కదా? ఇలాంటి ట్రయల్స్‌లోని రోగుల స్కాన్లు కొలిచి 2018లో చూశారు. చచ్చిన భాగం పరిమాణం తగ్గడమన్నది చికిత్స మేలులో 12% మాత్రమే వివరించగలిగింది. మిగతాది ఎక్కడుందో వెతకాలా వద్దా?

క్యాథ్‌ల్యాబ్ డాక్టరు: వెతకండి, కానీ ఉన్నచోటే వెతకండి. మెదడు పొలం కాదమ్మా, విస్తీర్ణంలో కొలిచి ఇంత పోయింది, ఇంత మిగిలింది అనడానికి. నుదుటి వైపు ఓ గుప్పెడు పోయినా నడిచి ఇంటికెళ్లిన మనుషులున్నారు. అదే లోపల, చేతిని కాలినీ ఆడించే తీగలన్నీ ఇరుకుసందులా దగ్గరపడే చోట చిక్కుడుగింజంత పోతే చాలు, చేయి మళ్లీ ముద్ద కలపలేదు. ఆ చోటుకు రక్తం ఎలా వస్తుందో కూడా చూడాలి. మెదడు మధ్య ధమని మొదట్లోంచి దారపు పోగుల్లాంటి కొమ్మలు నిటారుగా లేచి లోపలికి పోతాయి. పైపొరకైతే పక్క ధమనుల నుంచి అడ్డదారిలో కొంత రక్తం వస్తుంది, ఈ కొమ్మలకు ఆ ఆసరా లేదు. గడ్డ సరిగ్గా వాటి మొదట్లో కూర్చుంటే, నేనెంత తొందరగా లాగినా లోపలి భాగం అప్పటికే పోయి ఉండొచ్చు. స్కాన్‌లో చిన్న మచ్చే, బతుకులో పెద్ద దెబ్బ. మీరు చెప్పిన 12% దీన్ని చూడదు, అది మిల్లీలీటర్లు మాత్రమే చూస్తుంది. ఆపైన వయసు. 80 ఏళ్ల మెదడులో బీపీ వల్ల, షుగర్ వల్ల ఏళ్ల తరబడి పేరుకున్న తెల్లమచ్చలు, తెలియకుండా వచ్చిపోయిన చిన్న స్ట్రోకులు ఉంటాయి. కొత్త దెబ్బ తగిలినప్పుడు చుట్టూ ఉన్న భాగాలు పని పంచుకోవాలి, అవే అంతంతమాత్రంగా ఉంటే పంచుకునేదెవరు? చోటు, వయసు, ఆలస్యం, ఈ మూడింటితోనే లెక్క చాలావరకు సరిపోతుంది. కొత్త మిస్టరీ ఎందుకు?

వార్డు డాక్టరు: చోటు గురించి మీరన్నది ఒప్పుకుంటాను, వయసు కూడా. కానీ ఆ రెండూ మనం మార్చలేనివి. వాటిని తీసేశాక కూడా మిగిలేవాళ్లున్నారు. వయసు మరీ ఎక్కువ కాదు, తొందరగానే వచ్చారు, ధమని పూర్తిగా తెరుచుకుంది, అయినా మర్నాడు స్కాన్‌లో ఆ ప్రాంతం వెలవెలబోతుంది. మీరు కాలువ అన్నారు కాబట్టి ఆ కాలువ దగ్గరే నిలబడి చెప్తాను. పెద్ద కాలువ గేటు ఎత్తారు, నీళ్లు వచ్చాయి. చివరి ఆయకట్టుకు అందాయా? గేటు దగ్గర నిలబడ్డ లస్కరుకు అది కనిపించదు. మీ యాంజియోగ్రామ్‌కూ అంతే, అర మిల్లీమీటరు కంటే బాగా సన్ననైన నాళాలు దానికి దొరకవు. మెదడులో కణాలకు ఆక్సిజన్ అందేది కేశనాళికల్లో. వాటి లోపలి వెడల్పు ఐదారు మైక్రాన్లు, ఎర్రకణం వెడల్పు ఏడెనిమిది, అది ఒంటిని మడుచుకుని దూరాలి. 1968లో అమెరికాలో ఎడెల్బర్ట్ ఏమ్స్ బృందం కుందేళ్ల మెదడుకు కాసేపు రక్తం ఆపి, మళ్లీ వదిలి, ఆ తర్వాత సన్నటి నల్లబొగ్గు పొడి కలిపిన ద్రవాన్ని రక్తనాళాల్లోకి ఎక్కించింది. రక్తం అందే చోటల్లా మెదడు నల్లబడాలి. నల్లటి మెదడు మధ్యలో పాలిపోయిన మచ్చలు మచ్చలుగా మిగిలాయి. దారి తెరిచే ఉంది, లోపలికి ప్రవాహం లేదు. దానికి వాళ్లు 'నో రీఫ్లో' అని పేరు పెట్టారు. 2009లో టర్కీ శాస్త్రవేత్తలు ఎలుకల్లో కారణం ఒకటి పట్టుకున్నారు. కేశనాళికలను చుట్టుకుని పెరిసైట్లనే కణాలుంటాయి. రక్తం ఆగినప్పుడు అవి బిగుసుకుంటాయి. ధమనిని పూర్తిగా తెరిచాక కూడా ఆ పట్టు వదలలేదు. 2014లో లండన్ బృందం ఇంకో అడుగు వేసి, బిగుసుకున్న పెరిసైట్లు అదే బిగింపులో చచ్చిపోతాయని నేచర్‌లో చూపించింది. చచ్చిన వేలు ఉంగరంలా బిగుసుకుని ఉంటే నాళం ఎలా తెరుచుకుంటుంది? దాని మీద న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వచ్చి ఇరుక్కుంటాయి, అవి ఎర్రకణాల్లా మెత్తగా మడతపడవు.

ఇక్కడ నేనొక మాట కలపాలి. ఈ కేశనాళికల కథ చాలా అందంగా ఉంది, అందుకే దాని విషయంలో జాగ్రత్త అవసరం. కంటికి కట్టినట్టు చెప్పగలిగే కారణం దొరికితే మనసు అక్కడే ఆగిపోతుంది. క్యాథ్‌ల్యాబ్ డాక్టరు ఇప్పుడు అడగబోయే ప్రశ్నలు కొట్టిపారేసేవి కావు.

క్యాథ్‌ల్యాబ్ డాక్టరు: కుందేళ్లు, ఎలుకలు. ఎలుకలో పనిచేసి మనిషిలో చతికిలబడ్డ స్ట్రోక్ మందుల జాబితా ఎంత పొడవో మీకు చెప్పక్కర్లేదు. నెరినెటైడ్ అనే మందు మెదడు కణాల్ని కాపాడుతుందని కోతుల్లో కూడా చూపించారు. 2020లో 1105 మందికి, గడ్డ తీసేటప్పుడే ఇచ్చి చూశారు. స్వతంత్రంగా మిగిలినవారు మందు పడ్డవారిలో 61.4%, పడనివారిలో 59.2%. తేడా లేదనే చెప్పాలి. మనుషుల్లో నో రీఫ్లో ఎంతమందికి ఉంది? 2022లో ఆస్ట్రేలియా బృందం నాళం బాగా తెరుచుకున్న 130 మంది స్కాన్లు చూసి నాలుగింట ఒకరికి ఉందన్నది. ఇంకొకరు ఇంకో పద్ధతిలో కొలిస్తే ఇంకో అంకె వస్తుంది, కొందరికి దాదాపు ఎవరిలోనూ కనబడలేదు. కొలబద్దే కుదరని జబ్బు మీద ఇంత కోట కట్టొచ్చా? సరే, కట్టారే అనుకుందాం. చిన్ననాళాల్లో మిగిలిన తుంపులే అడ్డమైతే, పెద్ద గడ్డ తీశాక అక్కడే గడ్డ కరిగించే మందు వదిలితే మనిషి లేవాలి. బార్సిలోనా వాళ్లు చాయిస్ ట్రయల్‌లో అదే చేశారు, 2022లో జామాలో వచ్చింది. దాదాపు పూర్తిగా కోలుకున్నవారు మందుతో 59%, లేకుండా 40.4%. అందరం ఆశపడ్డాం. కానీ అది 121 మందితోనే మధ్యలో ఆగిపోయిన ట్రయల్. 2025లో చైనా నుంచి పెద్ద ట్రయల్స్ వచ్చాయి. పోస్ట్ టీఎన్‌కేలో మందుతో 49.1%, లేకుండా 44.1%. ఆ తేడాను లెక్కలోకి తీసుకోలేం. యూరోకైనేజ్ అనే మరో మందుతో చేసిన దాంట్లోనూ అంతే.

వార్డు డాక్టరు: చైనా నుంచే అదే ఏడాది వచ్చిన ఏంజెల్ టీఎన్‌కే ట్రయల్‌ను వదిలేశారు సార్. స్ట్రోక్ మొదలై నాలుగున్నర గంటలు దాటినవాళ్లలో మందుతో 40.5%, మందు లేకుండా 26.4%. అది స్పష్టమైన తేడా. ఒకటి అవునంటుంది, ఇంకొకటి కాదంటుంది. దీన్నిబట్టి నాకు తోచేది, ఒకే మందుకు లొంగే ఒకే అడ్డంకి కాదిది అని. కొందరిలో తుంపులు, కొందరిలో బిగుసుకున్న పెరిసైట్లు, కొందరిలో చుట్టూ ఉబ్బిన కణాలు నాళాన్ని బయట నుంచి నొక్కేయడం. గడ్డ కరిగించే మందు మొదటిదానికే పనికొస్తుంది. ఎవరిలో ఏదో తెలియకుండా అందరికీ ఒకే మందు పోస్తే సగటు కలగాపులగమే అవుతుంది. ఇది నా అనుమానం, రుజువు కాదు. దీనికంటే గట్టి సాక్ష్యం బీపీ దగ్గర దొరికింది. నాళం తెరుచుకుంది కదా, ఇక బీపీ బాగా దించితే మెదడులో రక్తస్రావం కాకుండా ఉంటుందని అందరం అనుకున్నాం. చైనాలో పై అంకె 120 లోపుకు దించి చూశారు, కోలుకోవడం దెబ్బతిన్నదని ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. అది 2022. మరుసటి ఏడాది కొరియాలో 140 లోపు ఉంచినవారిని 180 లోపు వదిలినవారితో పోల్చారు. స్వతంత్రంగా మిగిలినవారు 39.4%, 54.4%. దించినవాళ్లే నష్టపోయారు. కాలువ పూర్తిగా బాగుపడి ఉంటే కొంచెం ఒత్తిడి తగ్గినంత మాత్రాన చివరి మళ్లు ఎందుకు ఎండుతాయి? పెద్ద ధమని తెరుచుకున్నాక కూడా లోపలి ప్రవాహం ఆ ఒత్తిడి మీదే బతుకుతోందని నేను దాన్ని చదువుకుంటున్నాను. క్యాథ్‌ల్యాబ్ తలుపు దాటాక చేసే పని ఒకటి మనిషిని కూలదోయగలదని ఆ రెండు ట్రయల్స్ నిరూపించాయి. అది నా అనుమానం కాదు.

క్యాథ్‌ల్యాబ్ డాక్టరు: కూలదోయగలదని నిరూపించాయి. నిలబెట్టగలదని ఎవరు నిరూపించారు?

వార్డు డాక్టరు: ఆస్ట్రేలియా నర్సులు. న్యూ సౌత్ వేల్స్‌లో 19 స్ట్రోక్ యూనిట్లు, ఫలితం 2011లో లాన్సెట్‌లో వచ్చింది. కొన్ని యూనిట్లలో నర్సులకు మూడు పనులు పద్ధతిగా నేర్పారు. మొదటి 72 గంటలు జ్వరం చూస్తూ ఉండటం, 37.5 డిగ్రీలు దాటగానే పారాసిటమాల్ ఇవ్వడం. షుగర్ చూస్తూ, పెరిగితే దించడం. మింగగలడో లేదో పరీక్షించకుండా నోటికి ఏమీ ఇవ్వకపోవడం. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. 90 రోజుల నాటికి చనిపోయినవారు, వైకల్యంతో మిగిలినవారు కలిపి ఆ యూనిట్లలో 42%, మామూలుగా నడిచిన యూనిట్లలో 58%. వంద మందికి పదహారు మంది తేడా సార్. మీ గడ్డ తీసే చికిత్సలో తేడా వంద మందికి పందొమ్మిది. ఈ రెండింటినీ నేరుగా పోల్చకూడదు, కొలబద్దలు వేరు, రోగులు వేరు. కానీ రెండోది చేయడానికి హీరోల్లా ఉరుకుతాం, మొదటిది నైట్ డ్యూటీ సిస్టర్‌కు వదిలేస్తాం, ఆమెకేమో పన్నెండు మంచాలు.

క్యాథ్‌ల్యాబ్ డాక్టరు: ఆ ట్రయల్ నాటికి స్టెంటుతో గడ్డ తీసే చికిత్స ఇంకా నిరూపణ కాలేదు. ఆ ఫలితం నా రోగులకు వర్తిస్తుందని ఎలా అంటారు? ఆ తర్వాత వచ్చినవీ చూడండి. షుగర్‌ను డ్రిప్‌తో బాగా దించి చూసిన అమెరికా ట్రయల్ 2019లో వచ్చింది, 1151 మంది, మేలు లేదు, పైగా కొందరికి షుగర్ పడిపోయింది. జ్వరం, న్యుమోనియా రాకముందే మందులిచ్చి చూసిన యూరప్ ట్రయల్‌లో వృద్ధులకు ఏ తేడా రాలేదు. తొందరగా లేపి నడిపిద్దామని 2104 మందితో అవర్ట్ ట్రయల్ చేశారు, 2015లో ఫలితం ఎదురుతిరిగింది. మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1250 మందితో అటెండ్ ట్రయల్ జరిగింది. ఇంటివాళ్లకు వ్యాయామాలు నేర్పి ఇంట్లో చేయించమన్నారు. ఆరు నెలలకు చనిపోయినవారు, ఒకరి మీద ఆధారపడ్డవారు రెండు వైపులా 47%. నేను క్యాథ్‌ల్యాబ్ పక్షపాతంతో అనడం లేదు. తర్వాతి సంరక్షణ అని మీరంటున్న దాంట్లో మంచి ఉద్దేశం ఎక్కువ, రుజువు తక్కువ.

వార్డు డాక్టరు: మీరు చదివిన జాబితా అంతా నిజమే, నేను కూడా అది దగ్గర పెట్టుకునే మాట్లాడుతున్నాను. వాటిలో ఏం పరీక్షించారో ఒక్కొక్కటిగా చూడండి. అవసరం ఉన్నా లేకున్నా అందరికీ ముందే మందు పోయడం. అంకెను పట్టుకుని దాన్ని ఇంకా ఇంకా కిందికి దించడం. ఒళ్లు సిద్ధం కాకముందే మనిషిని ఎక్కువసేపు నిలబెట్టడం. శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు చేయాల్సిన పనిని, ఏడుస్తున్న కోడలి చేతిలో పెట్టడం. ఇవన్నీ పెద్ద చేతితో చేసిన పనులు. ఆస్ట్రేలియాలో నెగ్గింది కనిపెట్టుకుని ఉండటం. ఈ మనిషికి ఇప్పుడు జ్వరం వచ్చిందా, వస్తే ఇప్పుడే దించడం. మూడింటిలో ఏది ఎంత మేలు చేసిందో ఆ ట్రయల్ విడదీసి చెప్పలేదు, నేను కూడా చెప్పలేను. మీ రోగులకు ఎందుకు వర్తిస్తుందంటారా? గడ్డ తీసినా తీయకపోయినా మొదటి మూడు రోజులు ఆ మెదడు చావుబతుకుల అంచున ఉన్న కణాలతో నిండి ఉంటుంది. జ్వరం ఆ కణాలకు ఆక్సిజన్ అవసరం పెంచుతుంది, సరఫరానేమో మనం ఇందాక చెప్పుకున్నట్టు అరకొర. మీరు గడ్డ తీయడం వల్ల కాపాడుకోవాల్సిన భాగం ఎక్కువ మిగిలింది, కాబట్టి ఈ జాగ్రత్తకు విలువ పెరగాలే గానీ తగ్గదు. స్ట్రోక్ యూనిట్ అనే పద్ధతి మొత్తం, అంటే ఒకే చోట, ఈ జబ్బు తెలిసిన నర్సులు, థెరపిస్టులు కలిసి చూసుకోవడం, మరణాన్నీ వైకల్యాన్నీ తగ్గిస్తుందని మీ స్టెంట్లు రాకముందే పదుల ట్రయల్స్‌లో తేలింది. స్ట్రోక్ ఏ రకమైనా, వయసు ఏదైనా.

ఆమె అక్కడితో ఆగలేదు. మింగడం గురించి చెప్పింది, అది చెప్పాల్సిన మాటే.

వార్డు డాక్టరు: రెండో రోజు పొద్దున్న వార్డులో ఏం జరుగుతుందో చూడండి. మనిషి కళ్లు తెరిచాడు, పేరు పిలిస్తే తల తిప్పాడు. రాత్రంతా ఏమీ తినలేదని ఇంటివాళ్ల ప్రాణం కొట్టుకుంటుంది. ఫ్లాస్కులో కాఫీ ఉంటుంది, ఇడ్లీ తుంచి చట్నీ లేకుండా పెడతారు. మూతి ఒక పక్కకు జారి, ఆ బుగ్గలో ముక్క అలాగే ఉండిపోతుంది. గొంతు వెనక మూత పడాల్సిన క్షణంలో పడదు. దగ్గు వస్తే అదృష్టం, చాలామందికి దగ్గు కూడా రాదు, ఆ గుక్క నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సాయంత్రానికి గొంతులో గురగుర, మర్నాటికి జ్వరం, ఆయాసం, ఆక్సిజన్ పడిపోవడం. పెద్ద ధమని తెరిచే ఉంది, అందులో పారే రక్తంలో ఆక్సిజన్ లేదు. దీన్ని ఆపడానికి కావాల్సింది ఒక చెంచా, గ్లాసుడు నీళ్లు, నేర్పు ఉన్న మనిషి. కూర్చోబెట్టి, చెంచాడు నీళ్లు ఇచ్చి, మింగేటప్పుడు గొంతు పైకి కదిలిందా, తర్వాత 'ఆ' అనమంటే గొంతు తడిగా పలికిందా అని చూడటం. ఆ పరీక్ష నెగ్గేదాకా ముక్కు గొట్టంతోనే పోషణ. ఇది రాసిపెట్టని ఆస్పత్రి లేదు. ఆదివారం రాత్రి కూడా జరుగుతోందా అన్నదే ప్రశ్న.

క్యాథ్‌ల్యాబ్ డాక్టరు: దాన్ని నేను కాదనను. నా భయం ఇంకోటి, అది మీరు వినాలి. గడ్డ తీసినా సగం మంది కోలుకోరట అన్న మాట ఊళ్లోకి పోతే ఏమవుతుందో ఊహించండి. ఆ చిన్న ఆస్పత్రి డాక్టరు ఇక పంపడు. 108లో ఎక్కించడానికి ఇంటివాళ్లు వెనకాడతారు, అంత డబ్బు పెట్టి ఏం లాభమంటారు. నిజం వేరేగా ఉంది. స్కాన్‌లో పెద్ద భాగం అప్పటికే పోయినట్టు కనిపించేవాళ్లకు ఈ చికిత్స వృథా అనుకుని ఏళ్ల తరబడి వాళ్లను తిప్పి పంపాం. 2023లో సెలెక్ట్ 2 ట్రయల్‌లో సరిగ్గా అలాంటివాళ్లకే చేశారు. స్వతంత్రంగా మిగిలినవారు 20%, మందులతోనే ఉంచినవారిలో 7%. ఎవరి సాయం లేకుండా నడవగలిగే స్థితిలో ఉన్నవాళ్లు దాదాపు 38%, మందులతోనే ఉంచినవారిలో 19%. వందలో ఎనభై మంది స్వతంత్రులు కాలేదు కాబట్టి వృథా అందామా? మంచం మీదే ఉండిపోవాల్సిన మనిషి కర్ర పట్టుకుని బాత్రూముకు వెళ్లగలగడం ఆ ఇంటికి వృథానా? స్వతంత్రం అనే ఒక్క గీత గీసి, దాని కింద ఉన్న అందరినీ ఒకే గంపలో వేసేశారు. ఆ గీత పరిశోధకుల సౌకర్యం కోసం గీసుకున్నది.

ఇది ఆయన వాదంలో అన్నిటికంటే బలమైన చోటు, దీనికి నా దగ్గర ఎదురు లేదు. వార్డు డాక్టరు దగ్గర కూడా లేదు, ఆమె అది ఒప్పుకునే తీరు మాత్రం ఆయనకు నచ్చకపోవచ్చు.

వార్డు డాక్టరు: 'వృథా' అన్న మాట తీసేద్దాం సార్, నేను సిద్ధం. దాంతోపాటు 'సక్సెస్' అన్నదీ తీసేయాలి. రెండూ ఒకే తప్పు చేస్తున్నాయి, ఒకే గంటలో తేలని సంగతిని అప్పుడే తేల్చేస్తున్నాయి. సక్సెస్ అన్న మాట బయట చెప్పగానే వార్డులో ఏం మారుతుందో మీరు చూసి ఉండరు. ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుని సగం మంది ఇళ్లకు పోతారు. ఐసీయూలో మంచం కావాలని ఈ రోగిని ముందే బయటికి జరుపుతారు. నాలుగో రోజు మనిషి మాట్లాడకపోతే, ఆపరేషన్ బాగా జరిగిందన్నారుగా, మరి తర్వాత ఏం పాడు చేశారు అని అడుగుతారు. కొన్నిసార్లు ఆ అనుమానం నిజమే కూడా. చాలాసార్లు ఎవరూ ఏమీ పాడు చేయలేదు, మీరు చెప్పిన ఇరుకుసందులో చిక్కుడుగింజంత అప్పటికే పోయింది. ఆ తేడా వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. మీరు అచ్చు వేసుకునే లెక్కల్లోనూ మార్పు రావాలి. మీ క్యాథ్‌ల్యాబ్ నెలవారీ రికార్డులో ఎన్ని నాళాలు తెరిచారో ఉంటుంది. ఆ పక్కనే ఇంకో గడి పెట్టండి, తొంభయ్యో రోజు ఫోన్ చేసి, మనిషి నడుస్తున్నాడా, ముద్ద కలుపుకుంటున్నాడా, మాట వస్తోందా అడిగి రాయించండి. ఆ గడి నిండితే గానీ, ఆలస్యం వల్ల పోయినవారెందరో, న్యుమోనియా వల్ల పోయినవారెందరో, ఏ కారణమూ దొరకనివారెందరో మనకు తెలియదు. మూడో రకం వాళ్ల కోసమే కేశనాళికల పరిశోధన కావాలి.

క్యాథ్‌ల్యాబ్ డాక్టరు: తొంభయ్యో రోజు ఫోన్‌కు సగం నంబర్లు పలకవు.

వార్డు డాక్టరు: పలకవు. డిశ్చార్జి రోజున ఇద్దరివి రాయించుకుంటే కొన్నైనా పలుకుతాయి.

క్యాథ్‌ల్యాబ్ డాక్టరు: సరే, తలుపు తీసుకుని బయటికొచ్చాను. ఎదురుగా భార్య, కొడుకు, తమ్ముడు నిలబడ్డారు. సక్సెస్ అనొద్దంటున్నారు. ఏమనమంటారు?

వార్డు డాక్టరు: దారి తెరిచామండీ, లోపల ఎంత మిగిలిందో ఈ మూడు రోజుల్లో కొంత, మూడు నెలల్లో పూర్తిగా తెలుస్తుంది. ఈ మూడు రోజులు మేం చెప్పేదాకా చుక్క నీళ్లు కూడా నోట్లో పోయకండి. ఇంతే అనండి సార్.

క్యాథ్‌ల్యాబ్ డాక్టరు: మొదటి సగం చెప్పేసరికే వాళ్లు ఏడుస్తుంటారు. నీళ్ల మాట చెవికెక్కదు.

వార్డు డాక్టరు: అందుకే మంచం తలవైపు పెద్ద అక్షరాలతో రాసి కూడా పెడతాం. రాత్రి డ్యూటీలో సిస్టర్ మళ్లీ చెప్తుంది.